అడుగున నిప్పు, పైన మంచు – ఐస్‌లాండ్ దేశం

ప్రపంచంలో చాలా దేశాలు ఉన్నాయి. కొన్ని దేశాల్లో ఎండలు ఎక్కువ. కొన్ని దేశాల్లో చలి ఎక్కువ. ఒక దేశంలో మాత్రం నేల అడుగున నిప్పు ఉంది, నేల పైన మంచు ఉంది. అక్కడ వరి పండదు. మామిడి చెట్టు కనిపించదు. రైలు బండి లేదు. సైన్యం కూడా లేదు. ఆ దేశం పేరు ఐస్‌లాండ్. ఐస్ అంటే మంచుగడ్డ. లాండ్ అంటే నేల. మంచునేల అన్నమాట.

అంత కష్టమైన నేల మీద మనుషులు పదకొండు వందల ఏళ్లుగా బతుకుతున్నారు. ఈనాడు అక్కడ చదవడం రానివాళ్లు దాదాపు లేరు. పొగ లేకుండా ఇళ్లు వెచ్చగా ఉంటాయి. ఆడవాళ్లు దేశానికి అధ్యక్షులయ్యారు. ఇదంతా ఎట్లా జరిగింది? ఒక్కొక్కటే తెలుసుకుందాం.

ఎక్కడ ఉంది?

యూరప్ ఖండానికి ఉత్తరాన అయిదు చలి దేశాలు ఉన్నాయి. అవి డెన్మార్క్, నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, ఐస్‌లాండ్. వీటిని నార్డిక్ దేశాలు అంటారు. నార్డిక్ అంటే ఉత్తరాది అని అర్థం. మొదటి నాలుగు దేశాలు దగ్గర దగ్గరగా ఉంటాయి. ఐస్‌లాండ్ మాత్రం దూరంగా, అట్లాంటిక్ సముద్రంలో ఒంటరిగా ఉంటుంది. నాలుగు వైపులా నీళ్లే. అది ఒక దీవి.

ఈ దేశం వైశాల్యం సుమారు 1,03,000 చదరపు కిలోమీటర్లు. మన తెలంగాణ రాష్ట్రం కంటే కొంచెం చిన్నది. మరి జనం ఎంతమంది? తెలంగాణ ప్రాంతంలో 2011 లెక్కల ప్రకారం మూడున్నర కోట్ల మంది ఉన్నారు. ఐస్‌లాండ్‌లో నాలుగు లక్షల మంది కూడా లేరు. దేశం నడుమ అంతా రాళ్లు, ఇసుక, మంచు. అక్కడ ఎవరూ కాపురం ఉండరు. ఊళ్లన్నీ సముద్రం ఒడ్డునే ఉంటాయి. ముగ్గురిలో ఇద్దరు రాజధానిలోనో, దాని చుట్టుపక్కలో ఉంటారు. రాజధాని పేరు రేక్యవిక్. వాళ్ల భాషలో ఆ మాటకు ‘పొగల అఖాతం’ అని అర్థం. నిజానికి అది పొగ కాదు, ఆవిరి. ఆ ఆవిరి సంగతి తర్వాత చెప్పుకుందాం.

సుమారు 874వ సంవత్సరంలో నార్వే నుంచి కొందరు పడవల్లో వచ్చి అక్కడ స్థిరపడ్డారు. తర్వాత చాలాకాలం ఆ దేశాన్ని మొదట నార్వే రాజులు, ఆ తర్వాత డెన్మార్క్ రాజులు ఏలారు. 1944 జూన్ 17న ఐస్‌లాండ్ పూర్తిగా స్వతంత్ర దేశమైంది.

పొద్దు గుంకని వేసవి, పొద్దు పొడవని చలికాలం

మన ఊళ్లో పగలు, రాత్రి ఇంచుమించు సమానంగా ఉంటాయి. ఐస్‌లాండ్‌లో అట్లా కాదు. జూన్ నెలలో అక్కడ సూర్యుడు అర్ధరాత్రి దాకా ఉంటాడు. కాసేపు కనుమరుగై, మూడు గంటలకే మళ్లీ వస్తాడు. ఆ కాసేపు కూడా చీకటి పడదు. రాత్రి పన్నెండు గంటలకు వాకిట్లో కూర్చుని చదువుకోవచ్చు. డిసెంబరులో దీనికి తలకిందులు. పొద్దున పదకొండు దాటాక సూర్యుడు వస్తాడు. మధ్యాహ్నం మూడున్నరకే వెళ్లిపోతాడు. పగలు నాలుగు గంటలే.

దీనికి కారణం ఉంది. భూమి తన చుట్టూ తాను బొంగరంలా తిరుగుతుంది. కొంచెం పక్కకు ఒరిగి తిరుగుతుంది. అందువల్ల భూమి కొసన ఉన్న దేశాలకు ఆరు నెలలు వెలుగు ఎక్కువ, ఆరు నెలలు చీకటి ఎక్కువ.

ఆ చలికాలపు రాత్రుల్లో ఆకాశంలో ఒక వింత కనిపిస్తుంది. పచ్చని వెలుగు తెరలు తెరలుగా కదులుతుంది. గాలికి ఆరేసిన చీర ఊగినట్లు ఉంటుంది. దీన్ని ఉత్తర కాంతి అంటారు. ఇది దెయ్యమూ కాదు, మాయా కాదు. సూర్యుడి నుంచి చాలా చిన్న రేణువులు వేగంగా భూమి వైపు వస్తాయి. అవి ఎత్తున ఉన్న గాలికి తగిలినప్పుడు గాలి వెలుగుతుంది. అంతే. ఈ వెలుగు చూడటానికే ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు.

అడుగున నిప్పు

మనం నిలబడిన నేల గట్టిగా ఉంటుంది. చాలా లోతుకు పోతే రాయి కూడా కరిగేంత వేడి ఉంటుంది. భూమి పైపెంకు ఒకే ముక్క కాదు. పెద్ద పెద్ద పలకలుగా ఉంటుంది. అటువంటి రెండు పలకల నడిమి గీత ఐస్‌లాండ్ మధ్యగా పోతుంది. ఆ రెండు పలకలూ ఏడాదికి సుమారు రెండు సెంటీమీటర్లు దూరం జరుగుతున్నాయి. మన గోరు పెరిగేదానికన్నా నెమ్మది. కాని వందల ఏళ్లకు అదే పెద్ద చీలిక అవుతుంది. ఆ సందుల నుంచి కరిగిన రాయి పైకి తన్నుకొస్తుంది. అట్లా వచ్చే చోటును అగ్నిపర్వతం అంటారు. పారే నిప్పురాయిని లావా అంటారు.

1783లో లాకి అనే చోట నేల బారుగా చీలింది. ఎనిమిది నెలల పాటు నిప్పు పారింది. దానితో పాటు విషపు గాలి వచ్చింది. గడ్డి విషమైంది. ఆ గడ్డి మేసి గొర్రెలు, ఆవులు, గుర్రాలు చచ్చిపోయాయి. తినడానికి ఏమీ లేకుండా పోయింది. ఆ కరువులో దేశంలోని మనుషుల్లో సుమారు అయిదో వంతు చనిపోయారు. అంటే అయిదుగురున్న ఇంట్లో ఒకరు పోయినట్లు.

ఇంకో సంగతి చూడండి. 1973 జనవరి 23. హేమాయి అనే చిన్న దీవి. అక్కడ ఒకటే ఊరు. అయిదు వేల పైచిలుకు జనం. అందరూ నిద్రలో ఉండగా అర్ధరాత్రి దాటాక ఊరి పక్కనే నేల చీలి నిప్పు ఎగిసింది. ముందురోజు తుఫాను వల్ల పడవలు వేటకు పోలేదు. అన్నీ రేవులోనే ఉన్నాయి. పిల్లల్ని, ముసలివాళ్లను, జబ్బుపడ్డవాళ్లను పడవల్లో ఎక్కించారు. తెల్లవారే లోపు దాదాపు అందరూ క్షేమంగా పెద్ద దీవికి చేరారు.

అయితే నిప్పు రేవు వైపు పారుతోంది. రేవు పూడిపోతే చేపల వేట ఉండదు. వేట లేకపోతే ఊరు లేదు. అప్పుడు వాళ్లు ఒక పని చేశారు. సముద్రపు నీళ్లను పెద్ద పంపులతో తోడి పారే లావా మీద పోశారు. నెలల తరబడి పోశారు. లావా చల్లబడి గడ్డకట్టింది. అదే గోడలా నిలిచింది. రేవు దక్కింది. అయిదు నెలలకు నిప్పు ఆరింది. సుమారు 400 ఇళ్లు పోయాయి. ఒక మనిషి చనిపోయాడు. తర్వాత చాలామంది వెనక్కి వచ్చి మళ్లీ ఇళ్లు కట్టుకున్నారు. కాలుతున్న లావా వేడితోనే కొన్నేళ్ల పాటు ఆ ఇళ్లను వెచ్చబెట్టుకున్నారు.

2023 నవంబరులో గ్రిండావిక్ అనే ఊళ్లో భూమి ఎడతెరిపి లేకుండా కంపించింది. అప్పట్లో అక్కడ 3,700 మందికి పైగా ఉండేవాళ్లు. నేల కదలికను కొలిచే యంత్రాలు ముందే ప్రమాదాన్ని చెప్పాయి. ఒక్క రాత్రిలో ఊరంతా ఖాళీ చేయించారు. డిసెంబరులో దగ్గరలోనే నిప్పు లేచింది. 2024 జనవరిలో లావా ఊరి అంచుకు వచ్చి కొన్ని ఇళ్లను కాల్చింది. ఆ ఇళ్లలో మనుషులు లేరు.

1783లో ఉన్న నిప్పే 1973లోనూ, 2023లోనూ ఉంది. ఈ నడుమ మనుషులకు తెలివిడి పెరిగింది. ప్రమాదం ఎట్లా వస్తుందో నేర్చుకున్నారు. వస్తే ఏం చేయాలో ముందే అనుకుని పెట్టుకున్నారు. అందుకే ప్రాణాలు దక్కాయి.

చాకిరేవు నుంచి వేడినీళ్ల గొట్టం దాకా

పట్నాల్లో కొందరి ఇళ్లలో స్నానానికి నీళ్లు కాచే యంత్రం ఉంటుంది. దాన్ని గీజరు అంటారు. ఆ పేరు ఎక్కడిది? ఐస్‌లాండ్‌దే. అక్కడ గేసిర్ అనే వేడినీటి ఊట ఉంది. నేలలోని వేడికి నీళ్లు మరిగి ఒక్కసారిగా పైకి చిమ్ముతాయి. ఆ ఊట పేరే ప్రపంచమంతా పాకింది. ఇప్పుడు గేసిర్ ఎప్పుడో గాని చిమ్మదు. దాని పక్కనే ఉన్న స్ట్రొక్కుర్ అనే ఊట మాత్రం అయిదు, పది నిమిషాలకు ఒకసారి చిమ్ముతుంది. తాటిచెట్టంత ఎత్తు లేస్తుంది.

రేక్యవిక్ దగ్గర కూడా ఒక వేడినీటి ఊట ఉండేది. పాతరోజుల్లో ఆ పట్నం ఆడవాళ్లకు అదే చాకిరేవు. ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు నడవాలి. బట్టల మూట, బానలు, సబ్బు అన్నీ వీపు మీద మోసుకుపోవాలి. వానయినా మంచయినా తప్పదు. ఉతికిన తడిబట్టల బరువు ఇంకా ఎక్కువ. ఆ బరువుతో మళ్లీ మూడు కిలోమీటర్లు. సొంత ఇంటి బట్టలు కొందరివి, కూలికి ఉతికే బట్టలు ఇంకొందరివి. కొందరు కాలుజారి సలసల కాగే నీళ్లలో పడి చనిపోయారు. ఆ తర్వాత ఊట చుట్టూ ఇనుప కమ్ములు కట్టారు.

ఆ ఆడవాళ్లు నడవడానికని 1885లో ఒక బాట వేయడం మొదలుపెట్టారు. దాని పేరు లోయ్‌గవేగుర్. ఊటబాట అని అర్థం. ఇప్పుడది రేక్యవిక్‌లో పేరున్న బజారు. రెండు పక్కలా పెద్ద దుకాణాలు. ఈనాడు అక్కడ తిరిగేవాళ్లలో ఎంతమందికి ఆ బట్టల మూటల సంగతి తెలుసో!

1930లో ఆ ఊట దగ్గర నుంచే పట్నానికి ఒక గొట్టం వేశారు. వేడినీళ్లు మొదట ఒక బడికి, తర్వాత ఆసుపత్రికి, కొన్ని పదుల ఇళ్లకు వచ్చాయి. అంతకు ముందు ఇళ్లు వెచ్చగా ఉండాలంటే బొగ్గు కాల్చేవాళ్లు. పట్నమంతా నల్లని పొగ పట్టేది. 1973లో ప్రపంచమంతా చమురు ధర పెరిగింది. బయటి నుంచి కొనే చమురు భారమైంది. అప్పుడు ప్రభుత్వం ఊరూరా వేడినీటి గొట్టాలు వేయించింది. ఇప్పుడు పదిళ్లలో తొమ్మిది ఇళ్లు భూమిలోని వేడితోనే వెచ్చగా ఉంటున్నాయి. కరెంటు కూడా నదుల నీళ్లతోనూ, భూమి ఆవిరితోనూ తీస్తారు. అద్దాల ఇళ్లు కట్టి, వాటిని వెచ్చబెట్టి, బయట మంచు కురుస్తుండగా లోపల టమాటాలు పండిస్తారు.

ఊరూరా వేడినీటి ఈతకొలను ఉంటుంది. బడిలో ఆడపిల్లలకు, మగపిల్లలకు ఈత నేర్పడం తప్పనిసరి. చేపల వేటకు పోయే జనం కదా, ఈత రాకపోతే ప్రాణానికే ముప్పు.

పైన మంచు

దేశంలో పదో వంతు నేల ఏడాది పొడుగునా మంచుగడ్డ కిందే ఉంటుంది. వీటిలో అన్నిటికన్నా పెద్దది వాత్నాయోకుల్. కొన్ని చోట్ల ఆ మంచు అర కిలోమీటరు పైగా మందం ఉంటుంది. అది కరిగి నదులవుతుంది. ఆ నదులు కొండల నుంచి దూకి జలపాతాలవుతాయి.

గుల్‌ఫాస్ అనే జలపాతం చాలా అందమైనది. బంగారు జలపాతం అని ఆ పేరుకు అర్థం. ఎండ పడినప్పుడు నీటి తుంపర మీద ఇంద్రధనుస్సు కనిపిస్తుంది. వందేళ్ల కిందట పరాయి దేశపు వ్యాపారులు అక్కడ కరెంటు తీయాలనుకున్నారు. దాని మీద హక్కులు సంపాదించారు. కరెంటు తీస్తే జలపాతం పోతుంది. ఆ పక్కనే ఒక రైతు కుటుంబం ఉండేది. ఆ రైతు కూతురు సిగ్రిదుర్ తోమస్‌దోత్తిర్. ఆమె బడికి పోలేదు. ఇంట్లోనే చదువుకుంది. ఆమె ఎదురుతిరిగింది. కోర్టులో దావా వేసింది. వంద కిలోమీటర్ల పైన ఉన్న రాజధానికి కాలినడకన పోయేదని, కట్ట కడితే జలపాతంలో దూకుతానని చెప్పిందని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. దావాలో ఆమె గెలవలేదు. కాని వ్యాపారులు డబ్బు కట్టలేకపోయారు. ఒప్పందం రద్దయింది. జలపాతం మిగిలింది. ఆమె 1957లో చనిపోయింది. జలపాతం దగ్గర రాతి మీద ఆమె ముఖం చెక్కి పెట్టారు.

ఈ మధ్య మంచుకు వేరే ముప్పు వచ్చింది. ప్రపంచమంతా బొగ్గు, చమురు ఎక్కువగా కాలుస్తున్నారు. దానితో భూమి వేడెక్కుతోంది. మంచుగడ్డలు తరుగుతున్నాయి. ఓక్ అనే కొండ మీది మంచుగడ్డ ఇక లేదని 2014లో చెప్పారు. 2019లో అక్కడ మనిషికి పెట్టినట్లు ఒక స్మారక ఫలకం పెట్టారు. ఇంకో గుర్తు కూడా ఉంది. ఎన్నో ఏళ్లుగా దోమ లేని దేశమని ఐస్‌లాండ్‌కు పేరు. 2025 అక్టోబరులో అక్కడ మొదటిసారి ఆరుబయట మూడు దోమలు దొరికాయి.

తిండి, పని

సముద్రమే వాళ్లకు పొలం. కాడ్ అనే చేప ముఖ్యం. దాన్ని దండేల మీద గాలికి ఎండబెడతారు. ఎండుచేప మీద వెన్న రాసుకుని తింటారు. చేపలు కడగడం, ఉప్పు పట్టించడం, ఎండబెట్టడం చాలాకాలం ఆడవాళ్ల పనే. చన్నీళ్లలో చేతులు కొంకర్లు పోయేవి. కూలి మాత్రం మగవాళ్ల కన్నా చాలా తక్కువ. 1914లో రేక్యవిక్ కూలి ఆడవాళ్లు తమ కోసం ఒక సంఘం పెట్టుకున్నారు.

గొర్రెలు కూడా ఎక్కువే. వేసవిలో వాటిని కొండల మీదికి వదిలేస్తారు. సెప్టెంబరులో ఊరంతా కలిసి గుర్రాల మీద పోయి తోలుకొస్తారు. దొడ్డిలో చెవి గుర్తు చూసి ఎవరి గొర్రెలు వాళ్లు వేరు చేసుకుంటారు. అది వాళ్లకు పండుగ. గొర్రె ఉన్నితో స్వెట్టర్లు అల్లుతారు. వాళ్ల గుర్రాలు పొట్టివి, గట్టివి. జబ్బులు రాకుండా బయటి గుర్రాన్ని దేశంలోకి రానివ్వరు. దేశం దాటిన గుర్రాన్ని కూడా మళ్లీ రానివ్వరు.

స్కిర్ అనే తిండి కూడా ఉంది. చూడటానికి మన గట్టిపెరుగులా ఉంటుంది. కొన్ని చోట్ల రొట్టె పిండిని గిన్నెలో పెట్టి, వేడి నేలలో పాతిపెడతారు. మర్నాటికి రొట్టె తయారు. పొయ్యి అక్కర్లేదు, కట్టె అక్కర్లేదు.

చలికాలపు చదువు

ఇరవై గంటల రాత్రి ఎట్లా గడుస్తుంది? పాతకాలంలో ఇంటిల్లిపాదీ ఒకే గదిలో చేరేవాళ్లు. చేపనూనె దీపం పెట్టేవాళ్లు. ఒకరు ఉన్ని వడికేవాళ్లు, ఒకరు అల్లేవాళ్లు, ఒకరు తాళ్లు పేనేవాళ్లు. వాళ్లలో ఒకరు పుస్తకం తీసి గట్టిగా చదివేవాళ్లు. చేతులు పనిలో ఉండేవి, చెవులు కథలో ఉండేవి. ఆ కథలను సాగాలు అంటారు. తొలినాటి రైతులు, వాళ్ల పగలు, వాళ్ల ఇల్లాళ్ల పట్టుదలలు వాటిలో ఉంటాయి. ఏడెనిమిది వందల ఏళ్ల కిందట వాటిని దూడ తోళ్ల మీద రాసిపెట్టారు.

పల్లెల్లో బళ్లు లేవు. 1740ల నుంచి అక్కడ చట్టాలు వచ్చాయి. ప్రతి ఇంట్లో పిల్లలకు చదవడం నేర్పాలి. నేర్పారో లేదో చర్చి గురువు ఇంటింటికీ వచ్చి చూసేవాడు. చాలా ఇళ్లలో తల్లే పంతులమ్మ. ఆ తర్వాత యాభై ఏళ్లకు దేశంలో చాలామందికి చదవడం వచ్చింది.

అయితే ఒక తేడా ఉంది. ఆడవాళ్లకు చదవడం వచ్చినా, రాయడం చాలామందికి నేర్పలేదు. ఆడదానికి రాత ఎందుకు అనేవాళ్లు అక్కడా ఉన్నారు. 1880లో పిల్లలందరికీ రాత, లెక్క నేర్పాలని చట్టం వచ్చింది. 1911లో అన్ని చదువులూ, అన్ని ప్రభుత్వ ఉద్యోగాలూ ఆడవాళ్లకు తెరిచారు. 1915లో నలభై ఏళ్లు దాటిన ఆడవాళ్లకు ఓటు ఇచ్చారు. 1920లో మగవాళ్లతో సమానంగా ఇచ్చారు.

ఇప్పటికీ క్రిస్మస్ పండుగకు అక్కడ ఒకరికొకరు పుస్తకాలు ఇచ్చుకుంటారు. 1955లో హాల్దోర్ లాక్స్‌నెస్ అనే ఐస్‌లాండ్ రచయితకు నోబెల్ బహుమతి వచ్చింది.

పెళ్లయినా మారని పేరు

అక్కడ ఎక్కువమందికి ఇంటిపేర్లు లేవు. తండ్రి పేరే గుర్తు. తండ్రి పేరు యోన్ అనుకోండి. కొడుకు యోన్స్‌సన్, అంటే యోన్ కొడుకు. కూతురు యోన్స్‌దోత్తిర్, అంటే యోన్ కూతురు. తల్లి పేరు పెట్టుకునేవాళ్లూ ఉన్నారు. పెళ్లయినా ఆడవాళ్ల పేరు మారదు. పుట్టినప్పటి పేరే చివరిదాకా ఉంటుంది. దేశాధ్యక్షులనైనా అసలు పేరుతోనే పిలుస్తారు.

ఆడవాళ్లు పని మానిన రోజు

చదువు వచ్చింది. ఓటు వచ్చింది. అయినా 1975 నాటికి ఆడవాళ్లకు జీతం తక్కువే. ఇంటి చాకిరీకి లెక్కే లేదు. పార్లమెంటులో 60 మంది సభ్యులుంటే ఆడవాళ్లు ముగ్గురే. ఆ ఏడాదిని ఐక్యరాజ్యసమితి మహిళా సంవత్సరంగా ప్రకటించింది. మన పని విలువ ఎట్లా చూపించాలి అని ఐస్‌లాండ్ ఆడవాళ్లు సంఘాల్లో కూర్చుని మాట్లాడుకున్నారు. ఒక్కరోజు పని మానేద్దాం అన్నారు కొందరు. సమ్మె అంటే భయపడ్డారు ఇంకొందరు. సరే, సెలవు అందాం అన్నారు. ఆ మాట అందరికీ నచ్చింది.

1975 అక్టోబరు 24. దేశంలో పదిమంది ఆడవాళ్లలో తొమ్మిదిమంది ఆ రోజు పని ముట్టుకోలేదు. ఆఫీసులకు పోలేదు. చేపల కార్ఖానాలకు పోలేదు. వంట చేయలేదు. పిల్లల్ని పట్టుకోలేదు. చాలా బళ్లు మూతపడ్డాయి. టెలిఫోన్లు సరిగా పలకలేదు. మగవాళ్లు పిల్లల్ని వెంటబెట్టుకుని పనికి పోయారు. దుకాణాల్లో తేలికగా వండుకునే మాంసపు తిండి అయిపోయింది. రేక్యవిక్‌లో 25,000 మంది ఆడవాళ్లు ఒకచోట చేరారు. అప్పటి దేశ జనాభా రెండు లక్షల పైచిలుకే. మర్నాడు అందరూ మళ్లీ పనిలోకి వచ్చారు. కాని ఆ రోజును ఎవరూ మర్చిపోలేదు.

1976లో ఆడవాళ్లకు, మగవాళ్లకు సమాన హక్కుల చట్టం వచ్చింది. 1980లో విగ్దిస్ ఫిన్‌బోగదోత్తిర్ దేశాధ్యక్షురాలయ్యారు. ప్రజలు నేరుగా ఓటు వేసి ఒక స్త్రీని దేశాధ్యక్షురాలిగా ఎన్నుకోవడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఆమె అంతకు ముందు ఫ్రెంచి భాష నేర్పే ఉపాధ్యాయురాలు. నాటక సంస్థను కూడా నడిపారు. భర్తతో విడిపోయి, ఒక ఆడపిల్లను పెంచుకుంటున్న ఒంటరి తల్లి. ముగ్గురు మగవాళ్ల మీద పోటీచేసి గెలిచారు. పదహారేళ్లు ఆ పదవిలో ఉన్నారు. 2024లో హల్లా తోమస్‌దోత్తిర్ అనే ఇంకో స్త్రీ అధ్యక్షురాలిగా ఎన్నికయ్యారు.

పని ఇంకా మిగిలే ఉంది. ఒకే పనికి ఆడవాళ్లకు, మగవాళ్లకు ఒకే జీతం ఇస్తున్నామని పెద్ద యజమానులు రుజువు చూపాలని 2018లో చట్టం వచ్చింది. అయినా తేడా పూర్తిగా పోలేదు. అందుకే 2023 అక్టోబరు 24న ఆడవాళ్లు మళ్లీ పని మానేశారు. అప్పటి ప్రధానమంత్రి కాత్రిన్ యాకబ్స్‌దోత్తిర్ కూడా ఆ రోజు పనికి పోలేదు.

చూడటానికి వచ్చేవాళ్లు

2024లో ఐస్‌లాండ్‌ను చూడటానికి 20 లక్షలకు పైగా జనం వచ్చారు. అంటే ఇంట్లోవాళ్ల కన్నా చుట్టాలే అయిదు రెట్లు. వాళ్లు వేడినీటి ఊటలు, జలపాతాలు, ఉత్తర కాంతి చూస్తారు. థింగ్‌వెల్లిర్ అనే లోయకు తప్పకుండా పోతారు. అక్కడ నేల పలకలు విడిపోయిన చీలిక కళ్లకు కనిపిస్తుంది. ఆ లోయకు ఇంకో గొప్ప ఉంది. 930వ సంవత్సరంలో దేశంలోని పెద్దలు అక్కడ చేరి మొదటి సభ జరిపారు. ఏటా వేసవిలో చేరేవాళ్లు. తగువులు తీర్చేవాళ్లు, చట్టాలు చెప్పేవాళ్లు. ఆ సభ పేరు ఆల్‌థింగ్. ఈనాటి వాళ్ల పార్లమెంటు పేరు కూడా అదే. ఇప్పుడది రేక్యవిక్‌లో జరుగుతుంది. ఆ తొలి సభలో మాట్లాడే హక్కు ఆడవాళ్లకు లేదు. 2021 ఎన్నికల్లో 63 మందిలో 30 మంది ఆడవాళ్లు గెలిచారు.

ఐస్‌లాండ్ నేల మారలేదు. అడుగున అదే నిప్పు, పైన అదే గాలి, అదే పొడుగాటి రాత్రి. వేడినీళ్లలో బట్టలుతికిన ఆడవాళ్ల మనవరాళ్లు ఇప్పుడు ఆ నీళ్లతో వెచ్చబడిన బళ్లలో చదువు చెబుతున్నారు, ఆసుపత్రుల్లో వైద్యం చేస్తున్నారు, సభలో కూర్చుని చట్టాలు చేస్తున్నారు.

చదివారు కదా! అందరూ కలిసి మాట్లాడుకోండి.

1. 1783లో ఎంతోమంది చనిపోయారు. 1973లో దాదాపు అందరూ బతికారు. ఎందుకు?
2. గీజరు అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?
3. చదవడం వచ్చి రాయడం రాకపోతే ఏయే పనులకు ఇబ్బంది?
4. మీ ఊళ్లో ఆడవాళ్లు ఒక్కరోజు పని మానేస్తే ఏమేమి ఆగిపోతాయి? ఒక కాగితం మీద రాయండి.